మంత్రం పారని శత్రువును చంపేదెలా?

ప్ర: జానపద నవల రాస్తున్నాను. నాయకుడికి మంత్రాలు తప్ప వేరే విద్య రాదు. రాక్షసుడి మీదేమో ఏ మంత్రమూ పారదు. చివరి పోరు దగ్గర కలం ఆగిపోయింది. నాయకుడి చేతికి కత్తి ఇవ్వడం తప్ప దారి లేదా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జ: ఉంది. వాడి ఒంటికి మంత్రం తగలనక్కర్లేదు, మంత్రం కదిల్చి వదిలేసిన వస్తువు తగిలితే చాలు. భారతంలో పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు చేసిన పని చూడండి. కర్ణుడి శక్తి తగిలి ప్రాణం పోతుండగా మాయతో ఒళ్లు కొండంత పెంచి కౌరవసేన మీద కూలాడు. ఒక అక్షౌహిణి నలిగిపోయింది. లెక్క ప్రకారం 21,870 ఏనుగులు, అన్నే రథాలు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. ఆ సేనకు మాయ అంటదనుకున్నా జరిగేది అదే, ఎందుకంటే చంపింది బరువు.

మీ కథకు బండ చాలు. నిలువూ అడ్డమూ ఎత్తూ మూడేసి అడుగులున్న గ్రానైటు బండ రెండు టన్నులు తూగుతుంది (ఘనపుటడుగుకు సుమారు 75 కిలోలు). దాన్ని మంత్రంతో వంద అడుగులు లేపి, అక్కడే మంత్రం ఉపసంహరించాలి. కిందిదాకా మంత్రంతోనే తోయిస్తే ఆ దెబ్బ బండదా, మంత్రానిదా అని పాఠకుడు నిలదీస్తాడు.

ఇక్కడే ఒక చిక్కుంది. వంద అడుగుల నుంచి పడటానికి రెండున్నర సెకన్లు పడుతుంది. తలెత్తి చూసినవాడు నాలుగడుగులు పక్కకి వేస్తే మీ బండ నేలపాలు! కాబట్టి ముందు కాళ్లు కట్టెయ్యాలి. పోరును నల్లరేగడి చేలోకి, చెరువు కిందికి తెండి. ముందురోజు రాత్రే మంత్రంతో తూము ఎత్తించి చేను ముంచితే తెల్లారేసరికి మోకాలిలోతు బురద. పోరు మొదలయ్యాక నీళ్లు వదిలితే లాభం లేదు, రేగడి నానడానికి టైం పడుతుంది. నీళ్లను సృష్టించకండి, మళ్లించండి. సృష్టించిన నీళ్లు వాడి కాలు తగలగానే మాయమవుతాయని మీ నియమమే చెబుతుంది. నిప్పూ అంతే. మంత్రపు మంట వాణ్ణి అంటదు, మంత్రంతో రాజేసిన వరిగడ్డి వాము కాలుస్తుంది.

రక్షణ ఒంటివరకేనా, చుట్టూ పది గజాలుందా అన్నది మాత్రం ముందే తేల్చుకోండి. పది గజాలైనా బండ పడటం ఆగదు. గీత దాటాక గురి సరిచేసుకోవడం మాత్రం కుదరదు.

ప్ర: మా రాక్షసుడికి అది వరంగా వచ్చింది. వరంలో లొసుగు ఎలా పెట్టాలి?

జ: వరాన్ని మాటల్లో, ఉన్నదున్నట్టు రాయండి. "వాడికి చావు లేదు" అని వదిలేస్తే మీరే ఇరుక్కుంటారు. తడిదానితో గానీ పొడిదానితో గానీ, పగలు గానీ రాత్రి గానీ చంపనని నముచికి ఇంద్రుడు మాటిచ్చాడు. పగలూ రాత్రీ కాని వేళ నీటి నురుగుతో తల తీశాడు. రావణుడిది ఇంకో రకం. దేవతల నుంచి, దానవుల నుంచి చావు లేకుండా అడిగి, నరులను గడ్డిపోచల కింద జమకట్టి వదిలేశాడు. రెండోది రాయడం తేలిక, పాత్ర గర్వంలోంచే లొసుగు పుడుతుంది. ఏదైనా సరే, వరం మాటలు పాఠకుడికి మొదట్లోనే వినిపించాలి. ఆఖరి అధ్యాయంలో గుర్తొచ్చిన షరతు మోసంలా ఉంటుంది.

ప్ర: అలాంటి శత్రువుకు గాయమైతే వాడి మాంత్రికుడు మాన్పగలడా?

జ: మాన్పలేడు. మంచి మంత్రానికి ఒక దారి, చెడ్డదానికి ఒక దారి ఉండదుగా. తుప్పు మేకు కాలికి గుచ్చుకుంటే పసుపు అద్దుకుని కట్టు కట్టుకోవడమే. చీము పట్టి జ్వరం వస్తే మంచం మీదే. ఎవరూ వాణ్ణి గాల్లో లేపలేరు కూడా. కోటగోడ దాటాలంటే వాడూ నిచ్చెన వేసుకోవాల్సిందే.