పెల్లెట్లు పొడి అయిపోతుంటే ముందు తేమ చూడండి

అన్నా, పుత్తూరు దగ్గర మీ యూనిట్‌లో మామిడి రంపపు పొట్టు, శనక్కాయ పొట్టు కలిపి మిల్లులో పోస్తుంటే పెల్లెట్లు (కాల్చడానికి పొట్టును నొక్కి చేసే గుళికలు) బస్తాలోనే పొడి అవుతున్నాయని, మెకానిక్ డై (పొట్టును గుళికలుగా నొక్కి తీసే రంధ్రాల లోహపు భాగం) మార్చమన్నాడని రాశారు. డై జోలికి ఇప్పుడే వెళ్లకండి, అది ఖరీదైన పని. ముందు తేమ తేల్చుకోండి.

100 గ్రాముల పొట్టు తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 88 గ్రాములు మిగిలితే తేమ 12 శాతం. మిల్లులో పోసేటప్పుడు 10 నుంచి 15 మధ్య ఉండాలి. చెక్కలోని లిగ్నిన్ వేడికి మెత్తబడి జిగురులా పట్టుకుంటేనే పెల్లెట్ నిలుస్తుంది. మరీ ఎండితే ఆ పట్టు రాదు, తడి ఎక్కువైతే ఆవిరి లోపల్నుంచి పగలగొడుతుంది. ఒక పెల్లెట్ చేతిలోకి తీసుకోండి. ఉబ్బి, అడ్డంగా బీటలుంటే తడి ఎక్కువైనట్టే. మన వైపు నవంబరు వానల్లో తెచ్చిన పొట్టు, మే నెల పొట్టు ఒకటి కావు, లోడు లోడుకీ చూడాల్సిందే.

ఇంకొకటి, వేడివేడిగా బస్తాల్లోకి ఎత్తకండి. చల్లారాకే అవి గట్టిపడతాయి. ఇవన్నీ సరిగ్గా ఉండీ రాలుతుంటే అప్పుడు డై రంధ్రాలు అరిగాయేమో చూద్దాం. తేమ ఎంత వచ్చిందో రాయండి.