ప్రీయాంప్ మారిస్తే రొద పోతుందా?

ప్రశ్న: ఇంట్లో ఒక గదిని రికార్డింగ్‌కు కేటాయించుకొని పాట, గిటారు రికార్డు చేసుకుంటున్నాను. రెండు చానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, ఒక డైనమిక్ మైకు ఉన్నాయి. మెల్లగా పాడిన చోట్ల గొంతు వెనుక సన్నని రొద వినిపిస్తోంది. ఇంటర్‌ఫేస్‌లోని ప్రీయాంప్‌లు (మైకు ఇచ్చే సన్నని సంకేతాన్ని పెంచే భాగాలు) చవకరకమని, విడిగా మంచి ప్రీయాంప్ కొంటేనే స్టూడియో నాణ్యత వస్తుందని మిత్రులు చెబుతున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనవద్దు. మీరు వింటున్న రొద గదిలోంచి రావచ్చు, మైకులో పుట్టవచ్చు, ప్రీయాంప్ కలపవచ్చు. ఈ మూడింటిలో ఏది పెద్దదో తేలాకే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. నాకు తెలిసినంతలో ఇంటి స్టూడియోల్లో ఎక్కువసార్లు పెద్దది గదే.

ప్రీయాంప్ తనంతట తాను కలిపే రొదను ఈక్వివలెంట్ ఇన్‌పుట్ నాయిస్ అనే అంకెతో తెలుపుతారు. అది సాధారణంగా మీ ఇంటర్‌ఫేస్ మాన్యువల్‌లో ఉంటుంది. 150 ఓముల నిరోధకం, ఏ యంత్రానికీ తగిలించకపోయినా, గది ఉష్ణోగ్రత వద్ద తనలోని ఉష్ణచలనం వల్లనే సుమారు మైనస్ 131 డీబీయూ (వోల్టేజీని డెసిబెల్స్‌లో చెప్పే కొలత; మైనస్ అంకె పెద్దదైనకొద్దీ రొద తక్కువ) రొదను పుట్టిస్తుంది కనుక, అలాంటి నిరోధకాన్ని తగిలించి కొలిచినప్పుడు అంతకన్నా నిశ్శబ్దంగా ఉండే ప్రీయాంప్‌ను ఎంత ఖర్చుపెట్టినా ఎవరూ తయారుచేయలేరు. మీ ఇంటర్‌ఫేస్ అంకె మైనస్ 128 అయితే, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ప్రీయాంప్ మీకు మిగిల్చేది మహా అయితే మూడు డెసిబెల్స్. (కొందరు తయారీదారులు, చెవికి తక్కువగా వినిపించే పౌనఃపున్యాలను తగ్గించి లెక్కించే ఏ-వెయిటింగ్ పద్ధతిలో కొలిచి అంకెను రెండు డెసిబెల్స్ వరకు మెరుగ్గా చూపిస్తారు. రెండు యంత్రాలను పోల్చేటప్పుడు కొలిచిన పద్ధతి ఒకటేనా అన్నది తప్పక చూడండి.)

ఇక మైకుల సంగతి. ఒక పాస్కల్ (ధ్వని పీడనపు కొలత) ధ్వనికి 20 మిల్లీవోల్టులు ఇచ్చే కండెన్సర్ మైకు సొంత రొద 12 డెసిబెల్స్ అనుకుంటే, ఆ రొద తీగలో సుమారు 1.6 మైక్రోవోల్టులు అవుతుంది. మైనస్ 128 ప్రీయాంప్ కలిపేది 0.3 మైక్రోవోల్టులే. రాత్రివేళ నిశ్శబ్దంగా తోచే గదిలో కూడా 30 డెసిబెల్స్ శబ్దం ఉండడం సాధారణం, అదే మైకులో అది దాదాపు 12.6 మైక్రోవోల్టులుగా మారుతుంది. అంటే గది రొద ప్రీయాంప్ రొదకు నలభై రెట్లు. ఆ స్థితిలో ప్రీయాంప్‌ను మార్చినా మీ చెవికి తేడా తెలియదు.

డైనమిక్ మైకు విషయం వేరు. అందులో కొన్ని ఒక పాస్కల్‌కు ఒక మిల్లీవోల్టుకు కాస్త పైనే ఇస్తాయి. షూర్ కంపెనీ ఎస్ఎమ్7బీ మైకు అలాంటిది, దానికి మామూలుగా 60 డెసిబెల్స్ గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) కావాలి. ఇంత తక్కువ సంకేతం ఇచ్చే మైకును మైనస్ 128 ప్రీయాంప్‌కు తగిలిస్తే, ప్రీయాంప్ రొద గదిలో 23 డెసిబెల్స్ శబ్దం ఉన్నదానితో సమానమవుతుంది. అది ఇంకా గది రొదకన్నా తక్కువే. మైనస్ 120 ఉన్న పాత యంత్రంలోనైతే అది 31కి చేరి గదితో పోటీ పడుతుంది. మెల్లగా వినిపించే వాద్యాన్ని దూరం నుంచి ఇలాంటి మైకుతోనో, రిబ్బన్ మైకుతోనో రికార్డు చేసేవారికి మంచి ప్రీయాంప్ నిజంగా అవసరం, వారిని నేను వద్దనను.

మీ గదిలో ఏది పెద్దదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులో (మైకు తీగకు ఉండే మూడు పిన్నుల ప్లగ్గు) రెండో పిన్నుకూ మూడో పిన్నుకూ మధ్య 150 ఓముల నిరోధకాన్ని అతికించి ఉంచుకోండి. మీరు పాడేటప్పుడు వాడే గెయిన్‌ను కదపకుండా, ముందు మైకు తగిలించి అర నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. తర్వాత ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేస్ పంపే విద్యుత్తు) ఆపి, మైకు స్థానంలో ఆ ప్లగ్గు పెట్టి మళ్లీ చేయండి. రెండో రికార్డింగులో రొద పది డెసిబెల్స్ లేదా అంతకు మించి తగ్గితే ప్రీయాంప్ నిర్దోషి. తేడా రెండు మూడు డెసిబెల్స్ లోపే ఉంటే మాత్రం మీ మిత్రుల మాటలో బలం ఉంది. ఏమీ తగిలించకుండా ఖాళీగా వదిలిన ఇన్‌పుట్‌తో ఈ పరీక్ష చేయకండి, అది మరింత రొద చూపించి మిమ్మల్ని దారి తప్పిస్తుంది.

గదే కారణమని తేలితే కంప్యూటర్ ఫ్యాన్‌ను దూరం జరపడం, కిటికీ సందులు మూయడం వంటివి మీకు తెలిసినవే. అన్నిటికన్నా ఫలితమిచ్చేది దూరం తగ్గించడం. మైకును 30 సెంటీమీటర్ల నుంచి 15కు తెస్తే గొంతు సుమారు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గది రొద అలాగే ఉంటుంది. పైన చెప్పిన ఖరీదైన ప్రీయాంప్ ఇవ్వగలిగిన దానికి ఇది రెట్టింపు. దగ్గరికి వచ్చినప్పుడు గొంతులో గుమ్ముమనే మంద్రధ్వని ఎక్కువైతే 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది పౌనఃపున్యాలను తగ్గించేది) వేయండి. 24 బిట్‌లలో రికార్డు చేసేటప్పుడు సూచిక గరిష్ఠానికి 12 డెసిబెల్స్ కిందనే ఉన్నా నష్టం లేదు.

రొద గురించి కాక, స్వరానికి వచ్చే రంగు కోసం ప్రీయాంప్ కొనేవారు ఉన్నారు. 1970లో వచ్చిన నీవ్ 1073 వంటి ట్రాన్స్‌ఫార్మర్ యంత్రాలపై అభిమానం అందుకే, అది న్యాయమైన కోరికే. అయితే వినేటప్పుడు కాస్త పెద్దగా మోగేదే మేలుగా తోస్తుంది కనుక, ఒకే రికార్డింగ్‌ను స్పీకరులో మోగించి, కదలని మైకు ద్వారా రెండు ప్రీయాంప్‌లలో పట్టి, వాటి స్థాయులను 0.1 డెసిబెల్ వరకు సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వేరొకరితో పెట్టించుకొని వినండి. అప్పుడూ ఒకదాన్నే ఎంచుకుంటే ఆ ప్రీయాంప్ మీకు పనికొస్తుంది.

ప్రశ్న: ఈమధ్యే విడి ప్రీయాంప్ కొని ఇంటర్‌ఫేస్‌కు తగిలించాను. ధ్వనిలో ఏ మార్పూ కనిపించలేదు. లోపం ఎక్కడ?

జవాబు: ప్రీయాంప్ నుంచి వచ్చిన తీగను ఇంటర్‌ఫేస్ మైక్ ఇన్‌పుట్‌లోనే పెట్టి ఉంటే, సంకేతం పాత ప్రీయాంప్‌లోంచి మరోసారి వెళుతోంది. లైన్ ఇన్‌పుట్‌కు (ముందే పెంచిన సంకేతం కోసం ఉన్నదానికి) మార్చండి. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో లైన్ ఇన్‌పుట్ కూడా సంకేతాన్ని తగ్గించి అదే ప్రీయాంప్ గుండా పంపుతుంది కనుక, మాన్యువల్‌లోని బ్లాక్ డయాగ్రమ్‌ను ఒకసారి చూడడం అవసరం. అలా ఉంటే, విడి ప్రీయాంప్‌లో గెయిన్ పెంచి, ఇంటర్‌ఫేస్ గెయిన్‌ను కనిష్ఠానికి దించి ఉంచండి.