ఐదుగురికీ బెల్టు ఉందా? సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: సార్, మేం నర్సీపట్నంలో ఉంటాం, నేను గవర్నమెంట్ టీచర్ని. మా పుట్టిల్లు చింతపల్లి దాటాక లోపలికి. ఆఖరి నాలుగు కిలోమీటర్లు మట్టిరోడ్డు, మధ్యలో ఒక గెడ్డ. వానాకాలం వస్తే మా చిన్న కారు చింతపల్లిలో తెలిసినవాళ్ల ఇంటి ముందు పెట్టేసి ఆటోలో వెళ్తాం, పోయిన ఆగస్టులో ఆటో కూడా రానంటే పిల్లల్ని ఎత్తుకుని నడిచాం. ఇంట్లో ఐదుగురం. నేను, మా వారు, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు. బడ్జెట్ 7 లక్షలు, లాగితే 8. మా వారికి థార్ మీద మనసు, మా తమ్ముడు జిప్సీ అంటాడు, మా స్కూల్లో లెక్కల మాస్టారు జిమ్నీయే బెస్ట్ అంటున్నారు. ఏది కొనాలి?

జవాబు: టీచర్ గారూ, ముగ్గురూ మంచి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ ఇంజిన్ తిప్పే) బండ్లే చెప్పారు, కాదనను. కానీ మీ ఉత్తరంలో నాకు ముందు కనపడింది మీ అత్తగారి మోకాళ్లు, తర్వాత ఐదుగురు అన్న మాట. అక్కడినుంచే మొదలుపెడదాం, ఎందుకంటే మన దగ్గర బండి కొనేటప్పుడు స్టీరింగ్ పట్టుకునేవాళ్లే డిసైడ్ చేస్తారు, వెనక కూర్చునేవాళ్లని ఎవరూ అడగరు.

నాలుగేళ్ల కిందట నేనూ మా అమ్మని తీసుకుని సెకండ్ హ్యాండ్ థార్ ఒకటి చూడ్డానికి వెళ్లా. 2020 అక్టోబర్లో వచ్చిన కొత్త మోడలే. దానికి రెండే తలుపులు, వెనక్కి వెళ్లాలంటే ముందు ఎడమ సీటు మడిచి ఆ సందులోంచి దూరాలి. మా అమ్మ ఒక కాలు ఫుట్ బోర్డు మీద పెట్టింది, చేత్తో హ్యాండిల్ పట్టుకుంది, రెండో కాలు లేవలేదు. కాసేపు అలాగే నిలబడి మెల్లిగా దిగిపోయి "నువ్వు కొనుక్కో నాన్నా, నేను బస్సులో వస్తాలే" అంది. ఆ బండి నేను కొనలేదు. మీరు కూడా ఏ బండి చూసినా అత్తగారిని తీసుకెళ్లండి, ఆవిడ ఎక్కి కూర్చుని దిగాకే బేరం మొదలుపెట్టండి. ఆవిడ ముందు సీట్లో కూర్చుంటారు కదా అంటారేమో, అప్పుడు మీరు వెనక, వెనకున్నవి రెండే సీట్లు, పిల్లలు ఇద్దరు. లెక్క సరిపోదు.

ఎందుకంటే ఆ థార్ ఫోర్ సీటర్. గ్లోబల్ ఎన్‌క్యాప్ (బండ్లని గుద్దించి భద్రత చూసే సంస్థ) టెస్టులో 4 స్టార్లు తెచ్చుకున్న గట్టి బండి, నేలకీ బండి అడుగుకీ మధ్య 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, అన్నీ బానే ఉన్నాయి కానీ నలుగురికే. జిమ్నీ కూడా అంతే, ఐదు డోర్లు అనేసరికి ఐదుగురు పడతారనుకుంటాం, ఆ ఐదో డోరు వెనక డిక్కీది. వెనక సీటు ఇద్దరికే, బెల్టులు రెండే, సీట్లు ఎత్తి ఉంటే డిక్కీ 208 లీటర్లు, పండక్కి వెళ్లేటప్పుడు బియ్యం బస్తా పెడితే బట్టల బ్యాగులు ఒళ్లో పెట్టుకోవాలి. నలుగురే ఉన్న ఇంటికి, కొంచెం డబ్బు ఎక్కువ ఉంటే, జిమ్నీయే నేను మొదట చెప్పేది. ఆరు ఎయిర్‌బ్యాగులు, కింద లాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి గట్టి ఇనప చట్రం), లో రేంజ్ గేర్ (మెల్లిగా, ఎక్కువ బలంతో లాగేది), బరువు చూస్తే 1200 కిలోలే కాబట్టి బురదలో తక్కువ దిగబడుతుంది. కానీ 2023 జూన్‌లో వచ్చినప్పుడే దాని ధర 12.74 లక్షల నుంచి మొదలు, 8 లక్షలకి ఎవరైనా ఇస్తానంటే సంతోషపడకండి, ఎందుకిస్తున్నాడో అడగండి.

ఇక మీ తమ్ముడు చెప్పిన జిప్సీ. 1985 చివర్లో వచ్చి 2019 వరకూ అమ్మిన బండి, మన ఆర్మీ, పోలీసు, ఫారెస్టు వాళ్లందరినీ మోసింది, నాకు దానిమీద ప్రాణం. అయినా మీ ఇంటికి వద్దు. ముందూ వెనకా కమాను పట్టీలే, ఘాట్ రోడ్డు దిగేసరికి పెద్దవాళ్ల నడుం పట్టేస్తుంది, పవర్ స్టీరింగ్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసేది) లేదు. వెనక రెండు బెంచీలు ఎదురెదురుగా ఉంటాయి, పిల్లలు పక్కకి తిరిగి కూర్చోవాలి. బ్రేకు గట్టిగా వేస్తే ఆ నాలుగేళ్ల పాప ఎటు వెళ్తుందో ఒక్కసారి ఊహించుకోండి. 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో ఉండాలని చట్టంలోనే ఉంది, చట్టం లేకపోయినా నేను ఇదే చెప్తాను. 2020కి ముందు వచ్చిన పాత థార్ మీ బడ్జెట్‌లో దొరుకుతుంది, దానికీ వెనకవి ఎదురెదురు బెంచీలే, కాబట్టి అదీ వద్దు.

మరి ఏది? మీకు నేను చెప్పేది ఎవరూ పెద్దగా అడగని బండి, రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ (అంటే నాలుగు చక్రాలూ తిరిగేది), డీజిల్. 2014లో వచ్చింది. 1461 సీసీ ఇంజిన్, 110 పీఎస్, ఆరు గేర్లు, మామూలు కారులాగా నాలుగు తలుపులు, వెనక ముగ్గురు కూర్చునే సీటు, మీ అత్తగారు పక్కకి తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి పెట్టుకుంటే చాలు. లో రేంజ్ గేర్‌బాక్స్ ఉండదు, దానికి బదులు ఫస్ట్ గేర్ చాలా పొట్టిగా పెట్టారు, ఎత్తుల్లో, బురదలో పాక్కుంటూ వెళ్లిపోతుంది, మామూలు రోడ్డు మీద చాలామంది సెకండ్ గేర్లోనే కదిలిస్తారు. వెనక సస్పెన్షన్ ఇండిపెండెంట్, అంటే ఒక్కో చక్రం విడిగా కదులుతుంది, గుంతల్లో ఆ తేడా మీకు లంబసింగి దాటేలోపే తెలుస్తుంది.

జాగ్రత్తలు కూడా చెప్తాను. అందరూ డస్టర్ అంటారు కానీ రోడ్ల మీద తిరిగేవాటిలో ఎక్కువ ముందు చక్రాలే తిప్పే టూ వీల్ డ్రైవ్ బండ్లు. గేరు దగ్గర గుండ్రటి నాబ్ ఉండాలి, దానిమీద 2డబ్ల్యూడీ, ఆటో, లాక్ అని మూడు ఉండాలి, అదే గుర్తు. తడిమట్టి ఉన్న చోటికి తీసుకెళ్లమనండి, లాక్‌లో పెట్టి మీ వారు మెల్లిగా కదిలిస్తుంటే మీరు బయట నిలబడి వెనక చక్రాలు చూడండి, అవి కూడా మట్టి చిమ్మాలి. ముందువి మాత్రమే తిరిగి వెనకవి ఊరికే దొర్లుతుంటే వచ్చేయండి, ఎందుకంటే ఇండియాలో ఆ డస్టర్ అమ్మకాలు 2022లోనే ఆగిపోయాయి, ఇంజిన్ సామాన్లకి ఇబ్బంది లేదు (అదే డీజిల్ ఇంజిన్ నిస్సాన్ టెర్రానోలో, సన్నీలో కూడా వచ్చింది) కానీ ఆ వెనక చక్రాలకి పవర్ పంపే కప్లింగ్ పోతే వెతుక్కోవాలి. ఇంజిన్‌లో ఉండే టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు అడగండి, నోటి మాట కాదు బిల్లు, లేకపోతే కొన్న వారంలో మార్పించే ఖర్చు బేరంలో తీసేయండి, ఆ బెల్టు ఘాట్‌లో తెగితే ఇంజిన్ మొత్తం పోతుంది. టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి ఒకేలా అరిగి ఉండాలి. ఎయిర్‌బ్యాగులు రెండూ ఉన్న వేరియంటే చూడండి, 2017లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగ్ లేని బేస్ డస్టర్‌ని గుద్ది చూస్తే సున్నా స్టార్లు వచ్చాయి. వెనక మధ్య సీటుకి బెల్టు ఉందా, పని చేస్తోందా అన్నది మీరే లాగి పెట్టుకుని చూడండి, ఐదో మనిషి కూర్చునేది అక్కడే.

ఇంకొక్క మాట టీచర్ గారూ. ఏ బండి కొన్నా, ఆ గెడ్డ పొంగిన రోజు పిల్లలతో దాటొద్దు. ఎవరో ఒకరు ముందు కర్ర పట్టుకుని నడిచి చూడాలి, నీళ్లు మోకాలు దాటినా, అడుగున నేల తెలియకపోయినా, లాగుడు కనిపించినా వెనక్కి తిప్పేయడమే. పుట్టింటికి మర్నాడు వెళ్లొచ్చు.

ప్రశ్న: అన్నా, మాది నిర్మల్. పత్తి చేన్ల దాకా పోవాలె, ఇంట్లో ముగ్గురమే. 2023 మోడల్ థార్ డీజిల్ ఒకటి దొరికింది, బ్రోకర్ ఫోర్ బై ఫోర్ అంటున్నడు, రేటు మాత్రం చాలా తక్కువ చెప్తున్నడు. తీసుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆగు. 2023 జనవరి నుంచి థార్‌లో వెనక చక్రాలు మాత్రమే తిరిగే మోడల్ కూడా వచ్చింది, బయటికి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఆర్సీలో క్యూబిక్ కెపాసిటీ చూడు, మూడు డోర్ల డీజిల్ థార్ 1497 అని ఉంటే అది టూ వీల్ డ్రైవే, 2184 అని ఉంటే ఫోర్ బై ఫోర్. బండిలో గేర్ రాడ్ పక్కన రెండో చిన్న రాడ్ ఉందో లేదో కూడా చూడు. పెట్రోల్ ఆటోమేటిక్‌లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి దానికి ఆ రాడ్డే సాక్ష్యం.

రెండో రాడ్ ఉంటే సరిపోదు, పని చేయాలి. మట్టి నేల మీద 4హెచ్ (నాలుగు చక్రాలూ, మామూలు వేగం) వేసి యాభై అడుగులు తిన్నగా పో, ఆపి, న్యూట్రల్‌లో 4ఎల్ (నాలుగు చక్రాలూ, లో రేంజ్) వేసి మళ్లీ పో. రాడ్ బిగుసుకుపోయి పడకపోతే, "నేను ఎప్పుడూ వాడలేదు సార్, కొత్తగా ఉంది" అని ఓనర్ గొప్పగా చెప్తే, అది మంచి మాట కాదు, ఏళ్లకేళ్లు కదలని రాడ్ పట్టేస్తుంది. ఈ టెస్టు తారు రోడ్డు మీద మలుపులు తిప్పుతూ చేయకు, ఇలాంటి బండ్లలో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య డిఫరెన్షియల్ (మలుపుల్లో చక్రాల వేగాల తేడాని సర్దేది) ఉండదు, గేర్ల మీద బరువు పడి నష్టం. ఇంకోటి, మీది నల్లరేగడి. వాన పడ్డాక ఆ మట్టి టైరు గాళ్లలో నిండిపోయి టైరు గుండ్రటి రబ్బరు ముద్ద అవుతుంది, అప్పుడు ఎన్ని చక్రాలు తిరిగినా ఉన్నచోటే తిరుగుతాయి. బేరంలో మిగిలిన డబ్బు మంచి మడ్ టైర్లకి పెట్టు, కంపెనీ చెప్పిన సైజులోనే. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని, ఆరేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతున్నా మార్చేయ్.

ప్రశ్న: విజయవాడలో బుడమేరు వరదల్లో మునిగిన బండ్లు బాగుచేసి అమ్ముతున్నారని విన్నాం. ఎలా పట్టుకోవాలి?

జవాబు: 2024 సెప్టెంబర్ మొదట్లో సింగ్‌నగర్ వైపు బండ్లు మునిగింది మనందరం చూశాం. నష్టపోయినవాళ్లని ఏమీ అనను, కానీ దాచిపెట్టి అమ్మితే ప్రమాదం కొన్నవాళ్ల ప్రాణానికి. కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి తెస్తారు. ఒక్క చోట మాత్రం ఎవరూ కడగరు, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగండి, ఆఖరి అడుగు దాకా, అక్కడ బెల్టు మీద అడ్డంగా బురద గీత ఉంటే బండి అంతవరకూ మునిగింది. నేనొకసారి అలా లాగితే సన్నటి బూడిదరంగు మట్టి నా ఒళ్లో రాలింది, అమ్మేవాడు "దుమ్ము సార్" అన్నాడు, వేలితో రుద్దితే నునుపుగా తగిలింది, అది దుమ్ము కాదు ఒండ్రు. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో తేమ, డ్యాష్‌బోర్డు కింద వైర్ల జాయింట్లలో పచ్చటి పొడి కూడా చూడండి.

ప్రశ్న: కాకినాడలో ఉంటాం. ఢిల్లీ నుంచి పాత జిప్సీ తెప్పిస్తే తక్కువలో వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: తక్కువలో వస్తుంది, అక్కడ బాగా పాతబడ్డ బండ్ల మీద ఆంక్షలు కాబట్టి వదిలించుకుంటారు. కానీ ఇక్కడికి వచ్చాక ఖర్చు మొదలవుతుంది. ఫారం 28 మీద అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), 29, 30 మీద ట్రాన్స్‌ఫర్, లోన్ ఉంటే తీరినట్టు 35, ఇక్కడ లైఫ్ టాక్స్, 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ (2022 ఏప్రిల్లోనే కారుకి ఈ ఫీజు 5000 చేశారు), గ్రీన్ టాక్స్. ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన సస్పెన్షన్, ముందు ఇనప బుల్‌బార్ ఉన్నవి అందంగా కనిపిస్తాయి, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర అదే అడ్డం వస్తుంది.

మీది సముద్రం ఊరు కాబట్టి కొనే బండి ఎక్కడిదైనా కిందకి దూరి చూడాల్సిందే. గోనెసంచి ఒకటి, టార్చి ఒకటి, స్క్రూడ్రైవర్ ఒకటి పట్టుకెళ్లండి. గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని ఛాసిస్ (బండి కింది ఇనప చట్రం) పొడుగునా స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ వెళ్లండి, మంచి ఇనుము టంగుమంటుంది, తుప్పు తిన్నచోట డొబ్ మని మెత్తటి చప్పుడు వస్తుంది. వెనక చక్రాల పైన, కమాను పట్టీలు ఛాసిస్‌కి తగిలే చోట ఎక్కువ పోతుంది. కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే అక్కడ రెండుసార్లు కొట్టండి, వద్దని ఓనర్ అడ్డం వస్తే గోనె చుట్టుకుని ఇంటికి వచ్చేయండి.