ఊరికే చేసే ఇనుప పని: అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినపడింది, నీ పక్కన గ్రైండర్ నడుస్తోంది. నాకు అర్థమైంది ఇది. కొత్తవాడ జంపఖానాల షాపు సేటుకు, జంపఖానాలు వేలాడేసే పైపులు మోయడానికి గోడకు బిగించే బ్రాకెట్లు పన్నెండు చేసిస్తానని మాట ఇచ్చావు, డబ్బులు వద్దన్నావు. మంచి పని. మీ నాన్న కష్టంలో ఉన్నప్పుడు ఆదుకున్న మనిషాయన. కానీ ఫోన్ పెట్టే ముందు "ఊరికే చేసేదే కదా మామా, ఆదివారం ఒక్క పూటలో కొట్టేస్తా" అన్నావు చూడు, ఆ మాటకే రాత్రి నిద్ర పట్టక పొద్దున్నే ఈ ఉత్తరం రాస్తున్నా.

నీ వయసులో నేనూ అట్లాగే అన్నా. స్టేషన్ రోడ్డు వైపు ఒక సైకిల్ షాపు ఉండేది. టైర్లు, రిమ్ములు తగిలించడానికి ఆయనకు నాలుగు బ్రాకెట్లు చేసిచ్చా. ఒక్క పైసా తీసుకోలేదు. గోడ ఎట్లాంటిదో చూడలేదు, పాత మట్టి గోడలో కొయ్య ముక్కలు కొట్టి స్క్రూలు బిగించి వచ్చా. ఐదారు నెలల తర్వాత పంక్చరు పడి అదే షాపుకు పోయా. తలెత్తి చూస్తే నా బ్రాకెట్లు రెండు పాత ట్యూబులతో పైదూలానికి కట్టేసి ఉన్నాయి. ఎప్పుడో ఊడి కింద పడ్డాయట. అన్ని నెలల్లో ఆయన నాకు కబురు చేయలేదు. ఆ రోజు కూడా ఏమీ అనకుండా చాయ్ తెప్పించాడు. ఊరికే చేసిచ్చినవాణ్ణి ఏమని అడుగుతాడు? డబ్బులిచ్చినవాడైతే మర్నాడే వచ్చి గల్లా పట్టుకునేవాడు, నా తప్పు నాకు తెలిసేది.

అందుకని చెప్తున్నా, కూలి పనికి ఒకసారి కొలిచేవాడివి దీనికి రెండుసార్లు కొలువు. నీతో గొడవపడే గిరాకీ లేడు కాబట్టి ఆ గొడవేదో నీతో నువ్వే పడాలి.

ముందు షాపుకు పో. మెషిన్ తీసుకుపోకు, టేపు, చాక్‌పీసు, ఒక సుత్తి చాలు. ఎంత పెద్దవి తగిలిస్తారని సేటును అడిగితే "అన్నీ" అంటాడు. షాపులో కాంటా ఉంటుంది కదా, అన్నిటికంటే బరువైనవి నాలుగు తీసి తూయించు. కంటితో చూసి బరువు చెప్పే తెలివి నీకూ లేదు, నాకూ లేదు.

నువ్వన్నట్టు 10 అడుగుల పైపులు నాలుగైతే, పైపుకు మూడేసి బ్రాకెట్లు వస్తాయి. రెండు కొసల్లోనే పెట్టి మధ్యలో వదిలేయాలని మాత్రం చూడకు. ఆనింపు లేని దూరం రెట్టింపైతే, అంతే బరువుకు పైపు వంగేది ఎనిమిది రెట్లవుతుంది. ఇంకో సంగతి కొత్తవాళ్లు చాలామందికి తెలియదు. మూడింటి మీద ఒకే పైపు ఆనితే, బరువు మూడు సమానపు వాటాలుగా పంచుకోదు. సగానికి మించి మధ్యదే మోస్తుంది. పైపు పొడవునా 32 కిలోలు పరిచావనుకో, మధ్య బ్రాకెట్ మీద 20 కిలోలు పడుతుంది. దానికి తోడు జంపఖానా కొనేవాళ్లు చూసి ఊరుకోరు, అంచు పట్టుకుని లాగుతారు, వెంట వచ్చిన పిల్లలు వేలాడతారు. మూడింతలు వేసుకో, 60 కిలోలు.

ఇప్పుడు లెక్క చూడు. పైపు గోడకు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బరువు కిందికి లాగినప్పుడు బ్రాకెట్‌ను గోడకు బిగించే వెనక పట్టీ కింది అంచు గోడకు ఆనుకుంటుంది, పై బోల్టు ఊడి రావాలని చూస్తుంది. ఆ బోల్టు కింది అంచుకు 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, దాన్ని పీకే బలం 60 ఇంటూ 35 బై 15, అంటే 140 కిలోలు. అదే బోల్టును 30 సెంటీమీటర్ల ఎత్తుకు జరిపితే 70 కిలోలే. ఖర్చయ్యేది జానెడు పట్టీ. సైకిల్ షాపులో నా వెనక పట్టీ బెత్తెడు ఉండేది, ఊడక ఏం చేస్తుంది?

తర్వాత గోడ. సుత్తితో అక్కడక్కడా కొట్టి విను. గట్టి ఇటుక, సిమెంటు గోడైతే ఖంగుమంటుంది, 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టు, బెజ్జంలో విచ్చుకుని బిగిసేది, పట్టుకుంటుంది. కొత్తవాడలో పాత ఇళ్లు ఎక్కువ. పైన సిమెంటు పూత, లోపల మట్టి అడుసు ఉంటే యాంకర్ అక్కడ విచ్చుకుని మట్టినే తోస్తుంది, బిగిసినట్టే ఉండి నాలుగు రోజులకు వదులవుతుంది. అట్లాంటి గోడకు ఇటు నుంచి అటు దాకా బెజ్జం వేసి, పొడుగు బోల్టు పెట్టి, అవతల అరచేయంత ప్లేటు వేసి బిగించు. అవతల పక్కింటివాళ్ల గది ఉంటే ఆ ఆలోచన మానుకుని, బరువు నేల మీదికి దిగేలా నిలువు కాళ్లు పెట్టి స్టాండు చెయ్. బ్రాకెట్లని మాట ఇచ్చావని బ్రాకెట్లే చేయాలని లేదు.

ఇనుము సంగతి. 40 బై 6 ఫ్లాట్, అంటే 40 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ సరిపోతుంది. ఒక్కో బ్రాకెట్‌కు చెయ్యి 35, వెనక పట్టీ 35, ఏటవాలు ఆనింపు 42, మొత్తం 112 సెంటీమీటర్లు. 6 మీటర్ల నిలువు పట్టీ ఒకదానిలో ఐదు వస్తాయి, అంటే మూడు నిలువులు కొనాలి. మిగిలేదాంతో నమూనా ఒకటి చేసుకోవచ్చు. బరువు లెక్క నీకు తెలిసిందే. మిల్లీమీటర్లలో వెడల్పును మందంతో గుణించి, 0.00785తో గుణిస్తే మీటరుకు కిలోలు. 40 బై 6 మీటరుకు 1.88, మూడు నిలువులకు దాదాపు 34 కిలోలు. కాంటా దగ్గర నిలబడు. ముల్లు 28 దగ్గర ఆగిందంటే అది 6 కాదు, 5 మిల్లీమీటర్ల పట్టీ. నాకు ఒకసారి అట్లా అంటగట్టారు, ఇంటికొచ్చాక మందం కొలిచే వెర్నియర్ పెడితే కానీ తెలియలేదు.

షెడ్డులో పాత లారీ కమాన్ పట్టీలు ఉన్నాయి, కొక్కేలకు వాడతానన్నావు. వద్దు. అది కర్బనం ఎక్కువున్న ఉక్కు. మామూలుగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన గాజులా పెళుసవుతుంది, చెప్పకుండా పుటుక్కుమంటుంది. మన నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చారంటే కర్బనం మహిమే, కానీ వాళ్లకు కావాల్సింది కత్తులు. జంపఖానాలు మోసేదానికి కర్బనం తక్కువున్న మెత్తని ఎంఎస్సే (మైల్డ్ స్టీల్) మేలు. బరువెక్కువైతే ముందు వంగి చూపిస్తుంది.

ముందు ఒక్కటే చెయ్. దాన్ని షాపులో బిగించి, మూడు రోజులు బరువు వేలాడదీసి, సేటుకు తల తగులుతుందో లేదో చూడు. ఆయన ఎట్లాగూ "బాగుంది" అనే అంటాడు, ఆ మాట నమ్మకు. షాపులో పని చేసే అమ్మాయిని అడుగు. రోజూ జంపఖానాలు తీసి మడతపెట్టేది ఆమె, పైపు ఎత్తు ఆమె చేతికి అందాలి.

అది కుదిరాక టేబుల్ మీద యాంగిల్ ముక్కలు టాకా (చిన్న చుక్క వెల్డింగ్) వేసి అచ్చు చేసుకో, మిగతా పదకొండూ అందులోనే పెట్టి అతికించు. 3.15 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్డు, 110 యాంపియర్ల దగ్గర మొదలుపెట్టి చూసుకో. ముందు అన్ని మూలలా టాకాలు, మూలమట్టం పెట్టి చూడటం, ఆ తర్వాతే నిండు వెల్డింగ్. ఒక పక్కంతా ఒకేసారి లాగించకు, చల్లారేటప్పుడు అటే గుంజుకుంటుంది. బోల్టు బెజ్జం 11 మిల్లీమీటర్లు వెయ్, కింది బెజ్జాన్ని అడ్డంగా కొంచెం సాగదీయి. గోడలో డ్రిల్ కాస్త పక్కకు జారినా బ్రాకెట్‌ను నిలువుకు తెచ్చుకోవచ్చు.

పైపులు జీఐవి, అంటే జింకు పూత ఉన్న ఇనుపవి, తెచ్చానన్నావు. వాటికి కొసల్లో మూతలు వెల్డింగ్ చేసే ముందు జింకు పూత గీకేయి, బయట గాలిలో చెయ్. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందని మనవాళ్లంటారు, పాలతో ఏమీ కాదు.

ఇక అన్నిటికంటే ముఖ్యం, ఇది నూలు షాపు. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, మగ్గం మీద రోజులు పట్టే పని. నీ బ్రాకెట్ మీది చిన్న ఇనుప ముక్కు ఒక్క పోగు పట్టుకుందంటే ఆ జంపఖానా దండగే. అంచులన్నీ గ్రైండర్‌తో గుండ్రం చేశాక చేత్తో తడిమి సరిపెట్టకు, మన చేతులు మొద్దుబారిపోయాయి. దూది ఉండ తీసుకుని మూల మూలకూ రుద్దు. పీచు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఇంకా పనుంది.

తుప్పు మరక నూలుకు అంటితే పోవడం కష్టం. కొత్త ఇనుము మీది నల్ల పొలుసు తీయకుండా దాని మీదే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూస్తే వానాకాలానికి పొరలు పొరలుగా లేస్తుంది. గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం చక్రం) పెట్టి తెల్లగా తేల్చి, థిన్నర్‌తో తుడిచి, అదే రోజు ప్రైమర్ వెయ్. ములుగు రోడ్డు వైపు పౌడర్ కోటింగ్ చేయించగలిగితే ఇంకా మంచిది, పెయింటు రంగు బట్టకు అంటుకునే భయం ఉండదు.

షాపులో వెల్డింగ్ మిషన్ ఆన్ చేయొద్దు, గ్రైండర్ కూడా. రవ్వ నూలులో దూరితే మంట కనపడదు, లోపల్లోపలే రాజుకుని గంట తర్వాత అంటుకుంటుంది. అప్పటికి నువ్వు ఇంట్లో అన్నం తింటుంటావు. షాపులో స్పానర్ పని తప్ప ఇంకేమీ ఉండొద్దు. ఏదైనా సరిపోకపోతే విప్పి షెడ్డుకు తీసుకుపో.

డబ్బుల మాట. కూలి వద్దనుకున్నావు, సరే. ఇనుము, బోల్టులు, కోటింగ్ డబ్బులు మాత్రం ముందే తీసుకో. ఆయనకూ అదే బాగుంటుంది, ఇంకో రెండు కావాలంటే మొహమాటం లేకుండా అడుగుతాడు. ఎన్ని, ఏ కొలత, ఎప్పటికి అన్నది చీటీ మీద రాసి చెరొకటి పెట్టుకోండి. పనయ్యాక నెలకు ఒకసారి స్పానర్ జేబులో వేసుకుని పోయి పై బోల్టులు చూడు. ఆయన పిలవడు, నువ్వే పోవాలి.

నా పెద్ద డ్రిల్ మిషన్ తమ్ముడి చేత పంపిస్తున్నా. దాని మోటారు కార్బన్ బ్రష్షులు కొత్తవి వేయించా. దాని చక్ తాళం వైరుకు కట్టి ఉంది, విప్పకు. పోయినసారి తీసుకుపోయినప్పుడు పోగొట్టింది నువ్వే.

ఇట్లు,
మీ మామ