ఈ-యాంటిజెన్ నెగటివ్, వైరస్ మాత్రం లక్షల్లో!

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా నాన్నకి 61, చాలా ఏళ్లుగా హెపటైటిస్ బి, ఇప్పుడు సిరోసిస్ (లివర్ గట్టిపడటం) మొదలైందన్నారు. రిపోర్టులో ఈ-యాంటిజెన్ (వైరస్ పెరిగేటప్పుడు రక్తంలోకి వదిలే ప్రోటీన్) నెగటివ్, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో) చూస్తే లక్షల్లో ఉంది. ల్యాబ్ వాళ్ల తప్పా? జీనోటైప్ (వైరస్ ఏ రకమో చెప్పే) టెస్ట్ చేయించాలా?

జవాబు: ల్యాబ్‌ని తిట్టకమ్మా, రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఈ వైరస్ తన కాపీ తనే రాసుకుంటూ తప్పులు చేస్తుంది, దిద్దుకోదు, అలా దాని జన్యువుల్లో 1896వ అక్షరం దగ్గర ‘జి’ (G) పోయి ‘ఏ’ (A) వచ్చిందనుకో, ఈ-యాంటిజెన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది గానీ వైరస్ హాయిగా పెరుగుతూనే ఉంటుంది. మన దేశంలో బాగా కనిపించే డి జీనోటైప్‌లో ఇది మామూలే. అలాగే 1762, 1764 అక్షరాల దగ్గర మార్పులుంటే లివర్ క్యాన్సర్ రిస్క్ ఎక్కువ. అవి ఉన్నా లేకపోయినా సిరోసిస్ ఉంది కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానొద్దు.

జీనోటైప్ ముఖ్యంగా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లప్పుడే పనికొస్తుంది, టెనోఫోవిర్ లాంటి మాత్రలకి ఏ రకమైనా ఒకటే, ఆ డబ్బులు మిగుల్చుకోండి. అసలు చూడాల్సింది నాన్నగారి పాత ఫైలు. అందులో ఎక్కడైనా లామివుడిన్ అనే హెపటైటిస్ బి మాత్ర వాడినట్టుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, దానికి లొంగని మ్యుటేషన్ (వైరస్ జన్యువుల్లో మార్పు) వచ్చుంటే ఎంటెకావిర్ అనే మరో మాత్ర కూడా సరిగ్గా పనిచేయదు, అప్పుడు టెనోఫోవిరే మేలు. బాగానే ఉన్నా కదా అని ఆయన మాత్ర ఆపేయకుండా చూడు, సిరోసిస్‌లో అది ప్రాణం మీదకొస్తుంది. నువ్వూ, అమ్మా, తోబుట్టువులూ కూడా టెస్ట్ చేయించుకోండి, నెగటివ్ వచ్చి రక్షణ లేకపోతే వ్యాక్సిన్ మూడు డోసులు.