కొటెత్సు సంతకానికి 8 లక్షల యెన్‌లా?

ప్రశ్న: యోకొహామాలో ఐటీ ఉద్యోగం నాది. మూడేళ్లలో భార్య, పాపతో హైదరాబాద్ తిరిగి వచ్చేస్తాం. ఇక్కడ ఒకాయన పాత వకిజషిని, అంటే జపాన్ పొట్టి కత్తిని, 8 లక్షల యెన్‌లకు ఇస్తానంటున్నారు. పిడి లోపల కొటెత్సు అని సంతకం ఉంది. కత్తి అసలైనదని చెప్పే ఎన్‌బీటీహెచ్‌కే (జపాన్ కళాత్మక కత్తుల పరిరక్షణ సంఘం) పత్రం మాత్రం లేదు. నా పొదుపు 14 లక్షలు. పెట్టుబడిగా కొనొచ్చా?

జవాబు: ఈ కత్తిని, ఈ ధరకు మాత్రం వద్దండీ.

కొటెత్సు 17వ శతాబ్దంలో ఎదో నగరంలో (ఇప్పటి టోక్యో) పేరుమోసిన కత్తుల కమ్మరి. అంతకుముందు కవచాలు చేసేవాడు. ఆయన పేరుతో దొంగ సంతకాలు ఎన్ని ఉన్నాయంటే, కొటెత్సు అని కనిపించగానే నకిలీ అనుకోవడం అక్కడి కత్తుల వాళ్లకు అలవాటే. నిజమైనదైతే 8 లక్షలకు మీ దాకా వస్తుందా?

వెదురు మేకు తీసి పిడి ఊడదీస్తే కనిపించే తోకభాగాన్ని నకాగో అంటారు. దాని తుప్పు పాత ఇనప మూకుడు అడుగులా నల్లగా, ఒకే తీరుగా ఉండాలి. అక్షరాల గాడుల్లోనూ అదే రంగు కనిపించాలి. గాడుల్లో లోహం కొత్తగా తళుక్కుమంటే సంతకం తర్వాత చెక్కిందని అనుమానించాలి. పొరపాటున కూడా ఆ తుప్పు రుద్దకండి. కత్తి వయసు చెప్పేది అదే, రుద్దితే విలువ పోతుంది.

సంతకం దొంగదైనంత మాత్రాన కత్తి చెడ్డదని కాదు. చక్కటి పాత కత్తి మీద ఎవరో ఆశపడి పేరు చెక్కి ఉండొచ్చు. కానీ దొంగ సంతకమున్న కత్తికి ఎన్‌బీటీహెచ్‌కే పత్రం ఇవ్వదు. అందుకే కొందరు ఆ పేరును చెరిపించి మళ్లీ పరీక్షకు పెడతారు. మీరు 8 లక్షలు ఇస్తున్నది కత్తికా, ఆ పేరుకా?

జపాన్‌లో కత్తికి రిజిస్ట్రేషన్ పత్రం తప్పనిసరి. కొన్న 20 రోజుల్లోపు, ఆ పత్రం ఇచ్చిన ప్రిఫెక్చర్ విద్యామండలికి యజమాని మారినట్టు తెలపాలి. హైదరాబాద్ తేవాలంటే బుంకాచో, అంటే జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ, నుంచి ఎగుమతి ధ్రువపత్రం కావాలి. ఇక మన 1959 ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే ఆయుధాల దిగుమతిని ఒప్పుకోదు. అంటే మూడేళ్లకు మీరు అక్కడే, ఎవరో ఒకరికి, తొందరలో అమ్మాలి. తొందరపడేవాడికి వ్యాపారి ఏ ధర చెబుతాడో మీకు తెలియంది కాదు. లాభం వచ్చినా, ఐదేళ్లు దాటి దాచుకున్నవాళ్లకే అక్కడ సగం లాభం మీద పన్ను. మీకు ఆ వెసులుబాటు దక్కదు. ఈలోగా కత్తి వడ్డీ ఇవ్వదు, అద్దె ఇవ్వదు. పైగా నూనె రాయాలి!

ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, తిరుగు ప్రయాణానికి కావలసిన డబ్బు పక్కన పెట్టండి. కత్తి మీద అంత మనసుంటే, మిగిలినదాంట్లో 3 లక్షలకు మించకుండా, ఎన్‌బీటీహెచ్‌కే ఇచ్చే హోజోన్ పత్రమున్న, సంతకం లేని వకిజషి ఒకటి చూడండి. దాన్ని సరదా ఖర్చు కింద రాసుకోండి, పెట్టుబడి కింద కాదు. మీకు బేరం చెప్పిన ఆయన్ను, అమ్మేముందు తన ఖర్చుతోనే పరీక్షకు పంపమని అడగండి. పత్రం వస్తే ధర పెంచుతాడు, పెంచనివ్వండి.