సీళ్ల కాపలాకు వెళ్లబోతున్న మేనకోడలికి

చిరంజీవి స్వప్నకు అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

ఈ చలికాలం నార్ఫోక్‌లోని హార్సీ తీరంలో గ్రే సీళ్లనే సముద్ర జంతువులను కనిపెట్టి ఉండే వాలంటీర్లలో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పగా చాలా సంతోషించాను. ప్రపంచంలోని గ్రే సీళ్లలో మూడో వంతుకు పైగా బ్రిటన్ తీరాల్లోనే ఉంటాయి కనుక, అవి పిల్లలు పెట్టే ఈ రెండు మూడు నెలల్లో నీ పని చిన్నది కాదు.

సీళ్ల లెక్క ఎంత తేలిందన్నదాని కంటే, నీవు వచ్చి వెళ్లిన సంగతి వాటికి తెలియకపోవడం ముఖ్యం. పడుకున్న సీల్ తల ఎత్తి నీవైపు చూసిందంటే నీవు అప్పటికే మరీ దగ్గరకు వెళ్లావన్నమాట. అక్కడే ఆగి మెల్లగా వెనక్కి తగ్గు. గుంపు బెదిరి నీటివైపు పరుగు తీస్తే తల్లులూ పిల్లలూ విడిపోతారు, పెద్దవాటి బరువు కింద పిల్లలు నలిగిపోతాయి. అందువల్ల ఎవరి మూలంగా, ఏ సమయంలో ఎన్ని తలలు లేచాయో, ఎన్ని నీటిలోకి దిగాయో తప్పక రాయి. కుక్కను పట్టీ లేకుండా వదిలినవారు, డ్రోన్ ఎగరేసినవారు, సెల్ఫీ కోసం తాడు దాటినవారు, అందరి సంగతీ అందులో ఉండాలి. తాడు ఎక్కడ కట్టాలో, ఏ దారి మూయాలో నిర్ణయించేవారికి తలల లెక్క కంటే ఈ రాతే ఎక్కువ పనికివస్తుందని నా నమ్మకం. ఒక్క సీల్ కూడా కనబడని రోజున సున్నా అని రాయడం మరువకు.

సందర్శకులు నిన్ను ఎక్కువగా అడిగేది ఒంటరి పిల్ల గురించే. పుట్టినప్పుడు దాదాపు 14 కిలోలుండే తెల్లబొచ్చు పిల్ల, సగం దాకా కొవ్వే ఉండే తల్లిపాలు తాగి మూడు వారాల్లో మూడింతలవుతుంది. ఆపైన తల్లి దానిని వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్ల ఆ బొచ్చు రాల్చుకుంటూ, ఒంట్లోని కొవ్వు మీదనే కొన్ని వారాలు ఒడ్డున గడపడం సహజమని ఓపికగా చెప్పు. "పాపం, ఏడుస్తోంది" అని కంగారుపడేవారూ వస్తారు. కంటినీరు ముక్కులోకి జారే నాళం సీళ్లకు లేదు గనుక అది చెంపల మీదికి కారుతుంది. కళ్ల చుట్టూ తడి ఉండటమే మంచి గుర్తు, అది ఎండిపోతే ఒంట్లో నీరు తగ్గిందని అనుమానించాలి. తల వెనుక మెడ సన్నగా తేలినా, దగ్గుతున్నా, గాయం కనబడినా సముద్ర జీవులను కాపాడే బ్రిటిష్ డైవర్స్ మెరైన్ లైఫ్ రెస్క్యూ సంస్థ వారికి ఫోన్ చేసి, వారు వచ్చేదాకా జనాన్ని దూరంగా ఉంచు. ఎవరినీ నిలవరించే అధికారం నీకు లేదు, మర్యాదగా కారణం చెప్పడమే నీ చేతిలో ఉన్నది. అయినా పిల్లను నీటిలోకి తోయడానికి మాత్రం ఎవరినీ ఒప్పుకోకు. తెల్లబొచ్చు తడిస్తే చలిని ఆపలేదు.

దూరపు లెన్స్‌తో తల, మెడ రెండు పక్కలా పడేలా ఫొటోలు తియ్యి. మెడ మీది మచ్చల అమరికను బట్టే ఏ ఆడ సీల్ ఏ ఏడు తిరిగి వచ్చిందో పోల్చుకుంటారు. మెడ చుట్టూ గాడిలా కోసుకుపోయి ఉంటే ఆ ఫొటోను ఆ రోజే పంపించు. బీచ్‌లో విసురుకుని ఆడుకునే ప్లాస్టిక్ రింగులు చిన్న సీళ్ల మెడలో చిక్కుకుని, అవి పెరిగేకొద్దీ కండలోకి దిగబడుతున్నాయి.

ఎప్పుడైనా సీల్ కరిస్తే, గాయం చిన్నదేనని ఊరుకోకు. బాగా కడుక్కుని ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లి, కరిచింది సీల్ అని స్పష్టంగా చెప్పు. దాని నోటిలోని కొన్ని సూక్ష్మజీవుల మీద పెన్సిలిన్ పనిచేయదు, టెట్రాసైక్లిన్ జాతి మందు కావలసి వస్తుంది.

ఆశీస్సులతో,
అత్తయ్య